తెరపై పుట త్రిప్పు విధము

1945 జూలైలో అమెరికాలోని 'అట్లాంటిక్' మాసపత్రికలో వానెవార్ బుష్ అను ఇంజనీరు ఒక వ్యాసము ప్రకటించెను. యుద్ధకాలమున ఆ దేశపు శాస్త్ర పరిశోధనలకు ఆయనయే అధిపతి. 'మెమెక్స్' అను ఒక వింత బల్లను ఆయన అందులో ఊహించెను. గ్రంథములు సూక్ష్మరూపమున ఫిల్ముపై ఆ బల్లలో దాచబడి యుండును. కోరిన పుట తెరపై కనబడును. పుటలు త్రిప్పుటకు ఒక పిడి యుండును. దానిని కుడివైపునకు కొంచెము వంచినచో పుటలు ఒకదాని వెనుక నొకటి సాగును. మరికొంత వంచినచో పదేసి పుటలు, ఇంకను వంచినచో నూరేసి పుటలు దాటును. ఎడమకు వంచిన వెనుకకు నడచును. పదసూచిక మొదటి పుటకు తిన్నగా చేర్చుటకు వేరొక బొత్తాము కలదు. ఆ బల్లను బుష్ ఎన్నడును నిర్మింపలేదు. కాని తెరపై గ్రంథము చదువువాని చేతికి ఏమేమి కావలెనో ఇంచుమించు అంతయు అందు చెప్పబడినది. నేటి మ్యూపీడీఎఫ్ అను చిన్న ప్రోగ్రాములో కోణపు గుర్తుల మీటలు నొక్కి పదేసి పుటలు దాటువారు బుష్ పిడినే వాడుచున్నారనిన తప్పు లేదు.

ఫిలిప్పైన్సులో నౌకాదళపు రేడార్ పనిలో నున్న డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అను ఇరువది యేండ్ల యువకుడు ఆ యేడే రెడ్ క్రాసు వారి చదువుశాలలో ఆ వ్యాసమును చదివెను. తరువాత ఆయన కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో చేరి, కంప్యూటరు తెరపై వ్రాతను చదువుటకును దిద్దుటకును ఒక పద్ధతిని నిర్మింప పూనుకొనెను. తెరమీది ఒక పదమును యంత్రమునకు చూపుట యెట్లు? కాంతికలము అప్పటికే కలదు. కాని దానిని పట్టుకొని తెర యెదుట చేయి ఎత్తియే యుంచవలెను. కొంతసేపటికి చేయి లాగును. 1964లో ఎంగెల్‌బార్ట్ ఊహ ననుసరించి బిల్ ఇంగ్లిష్ అను సహచరుడు ఒక కొయ్యదిమ్మెను తయారుచేసెను. దాని అడుగున ఒకదానికొకటి లంబముగా రెండు లోహచక్రములు. బల్లపై జరిపినపుడు ఒక చక్రము అడ్డముగా జరిగిన దూరమును, రెండవది నిలువుగా జరిగిన దూరమును కొలుచును. గ్రాఫు కాగితముపై బిందువును గుర్తించుటకు విద్యార్థులు వాడు రెండు నిరూపకములే ఇవి. ఏటవాలుగా జరిపినచో రెండు చక్రములును కొంత కొంత తిరుగును. తోకవంటి తీగతోనున్న ఆ దిమ్మెకు మౌస్, అనగా ఎలుక, అను ముద్దుపేరు పడి అదియే నిలిచినది.

దానిని కాంతికలముతోను, జాయ్‌స్టిక్‌తోను, బల్లక్రింద మోకాలితో కదలించు పరికరముతోను పోటీపెట్టి చూచిరి. 1967లో ప్రకటితమైన ఫలితములలో, అలవాటుపడిన వారి చేతిలో మౌసే మేలని తేలినది. 'అలవాటుపడిన వారి చేతిలో' అను ఆ మాటలోనే తరువాతి వివాదమునకు బీజమున్నది.

1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంచుమించు వేయిమంది నిపుణుల యెదుట ఎంగెల్‌బార్ట్ తన పద్ధతిని తొంబది నిమిషములు ప్రదర్శించెను. ఆయన కుడిచేత మౌసు, ఎడమచేత అయిదే మీటలు గల ఒక చిన్న ఫలకము. ఆ మీటలను హార్మోనియము మెట్లవలె ఒంటిగాను, కలిపియు నొక్కవచ్చును. అయిదు మీటలతో ముప్పదియొక్క కలయికలు ఏర్పడును. ఇంగ్లీషు అక్షరములు ఇరువదియారే గనుక చాలి మిగులును. పత్రము ఎట్లు కనబడవలెనో కూడ ఒక్కొక్క అక్షరముతో శాసింపవచ్చును: ప్రతి పేరాలో మొదటి పంక్తి మాత్రమే చాలునా, శీర్షికలు మాత్రమే చాలునా అని. నేర్చినవాని చేతిలో అది అద్భుతము. నేర్చుటకు మాత్రము ఓపిక కావలెను. మూడు చక్రముల బండిని ఎవరైనను ఎక్కవచ్చును గాని దూరము పోవుటకు సైకిలు నేర్వవలసినదే యని ఎంగెల్‌బార్ట్ వాదము.

ఈ వాదమును త్రోసిపుచ్చినవారు పొరుగుననే యుండిరి. పాలో ఆల్టోలో 1970లో వెలసిన జిరాక్స్ పరిశోధన కేంద్రములో లారీ టెస్లర్ అను శాస్త్రజ్ఞునికి 'స్థితులు' అనిన గిట్టదు. ఒకే మీట ఒక స్థితిలో అక్షరము, మరియొక స్థితిలో ఆజ్ఞ యగుట ప్రమాదమని ఆయన మతము. అక్కడి బ్రావో అను ప్రోగ్రాములో ఆజ్ఞల స్థితి నుండగా మరచి 'ఎడిట్' అను నాలుగక్షరములు కొట్టినచో, మొదటిది పత్రమంతయు ఎన్నుకొనును, రెండవది తుడిచివేయును, మూడవది చేర్పు ప్రారంభించును, నాలుగవదైన 'టి' ఒక్కటే తెరపై మిగులునని కథగా చెప్పుకొనెడివారు. 1970 దశకపు నడుమ టెస్లర్, టిమ్ మాట్ అనువారు కలిసి ఒక ప్రచురణసంస్థ సంపాదకుల కొరకు జిప్సీ అను ప్రోగ్రామును వ్రాసిరి. అందు మీటలు అక్షరములకే. చూపుట, ఎన్నుకొనుట మౌసు పని. లోకము ఈ త్రోవనే పట్టినది. ఎంగెల్‌బార్ట్ ఎలుక ఇంటింటికి చేరినది. ఆయన అయిదు మీటల ఫలకము మూలబడినది.

అయినను మీటలవారు ఓడిపోలేదు. 1976లో బర్క్‌లీ విశ్వవిద్యాలయ విద్యార్థి బిల్ జాయ్, ఏడీఎమ్-3ఏ అను చౌక టెర్మినలు ముందు కూర్చుండి, తరువాత 'వీఐ' యని ప్రసిద్ధమైన ప్రోగ్రామును వ్రాసెను. ఆ టెర్మినలుకు వేరుగా బాణపు మీటలు లేవు. హెచ్, జే, కే, ఎల్ మీటలపైననే బాణములు ముద్రింపబడి యుండెను. హెచ్ ఎనిమిదవ అక్షరము. అస్కీ సంకేతావళిలో 8 అనిన ఒక అక్షరము వెనుకకు జరుగుమని ఆజ్ఞ. జే పదవది, 10 అనిన క్రింది పంక్తికి దిగుమని. కంట్రోల్ మీటతో కలిపి నొక్కినపుడు ఈ సంఖ్యలే వెలువడును గనుక బాణములు అచ్చటికి చేరినవి. ఆ టెర్మినళ్లు కనుమరుగైనవి. బాణపు మీటలు ప్రతి కీబోర్డుకును వచ్చినవి. కాని నేటికిని జతూర, మ్యూపీడీఎఫ్ వంటి ప్రోగ్రాములలో జే నొక్కినచో పుట క్రిందిభాగము కనబడును. ఒక చౌక యంత్రపు పొదుపు ఇంతకాలము నిలుచునని దాని తయారీదారులు తలచి యుండరు.

1993లో అడోబీ సంస్థ ఆక్రోబాట్‌ను విడుదల చేసినది. ఏ యంత్రముపై చూచినను పుట ముద్రించినట్లే కనబడవలెనని 1991లో జాన్ వార్నాక్ చేసిన సంకల్పమునకు అది ఫలము. పుట స్థిరపడినది గాని, తెర దానికంటె చిన్నది. మరి కదలవలసినది పుటయా, తెర యనెడు కిటికీయా? ప్రక్కనుండు స్క్రోల్‌బారును క్రిందికి లాగినచో కిటికీ దిగును, పుట పైకి పోవును. హస్తపు గుర్తుతో పుటను పట్టి క్రిందికి లాగినచో పుటయే దిగును. చేయి కదలిక ఒక్కటే, ఫలితములు విరుద్ధములు! ఈ హస్తము 1984 నాటి మాక్‌పెయింట్‌లోనే కలదు. 1996లో మైక్రోసాఫ్ట్ వారి మౌసుతో ప్రచారమునకు వచ్చిన చక్రము స్క్రోల్‌బారు పక్షము వహించినది. వ్రేలితో తాకు ఫోనులు హస్తపు పక్షము చేరినవి. 2011లో ఆపిల్ సంస్థ తన మాక్ కంప్యూటర్లలో చక్రపు దిశను ఫోనులకు అనుగుణముగా త్రిప్పివేయగా, ఏండ్ల తరబడి అలవాటుపడిన వ్రేళ్లు తడబడినవి. పాతదిశయే కావలెనను వారి కొరకు సెట్టింగులలో ఒక గడి విడువబడినది.