బోర్డు వివరముల అప్పగింత : సింప్యూటర్ నాటినుండి

2001వ సంవత్సరమున బెంగళూరు నగరమందు సింప్యూటర్ అను చేతి కంప్యూటరు ప్రజలకు చూపబడినది. భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యులు విజయ్ చంద్రు, స్వామి మనోహర్ మున్నగువారును, ఎన్‌కోర్ సాఫ్ట్‌వేర్ వారును కలిసి దీనిని రూపొందించిరి. 9,000 రూపాయలకే పల్లెవాసికి అందవలెనని వారి సంకల్పము. 2004లో భారత్ ఎలక్ట్రానిక్స్ వారి తోడ్పాటుతో అమిడా అను పేర ఇది అంగడికి వచ్చినది గాని, ఆశించినంతగా అమ్ముడుపోలేదు. ఆ కథ పలువురెరిగినదే. అట్టి యంత్రము మేల్కొను విధము మాత్రము అంతగా ప్రసిద్ధము కాదు.

సింప్యూటరులోనిది స్ట్రాంగ్‌ఆర్మ్ ప్రాసెసరు. దానిపై నడిచినది లినక్సు. విద్యుత్తు అందగానే బూట్‌లోడరను చిన్న ప్రోగ్రాము కెర్నెలును మెమరీలోని కెక్కించి, అధికారము నప్పగించి తప్పుకొనును. బల్లపై కంప్యూటరు తన భాగములను చాలవరకు తానే వెదకికొనగలదు. ఇట్టి చిన్న బోర్డున కా శక్తి లేదు. మెమరీ ఎచట మొదలై ఎంతవరకు కలదో ఎవరో చెప్పవలసినదే. కావున ఆనాటి ఆర్మ్ లినక్సు నియమము ననుసరించి బూట్‌లోడరు ఒక రిజిస్టరున బోర్డు సంఖ్యను, మరియొకదాన ట్యాగుల వరుస యొక్క చిరునామాను ఉంచెడిది. ట్యాగు అనగా చీటీ వంటిది: మెమరీ కొలతకు ఒకటి, కెర్నెలు కీయవలసిన ఆదేశములకు ఒకటి, ముగింపునకు ఒకటి. సంఖ్య తప్పెనా, కెర్నెలు తానెచట నున్నదో యెరుగక ఆగిపోయెడిది. తక్కిన వర్ణన యంతయు కెర్నెలులోనే బోర్డు బోర్డుకు విడిగా వ్రాయబడెడిది. ఆ వ్రాత కొండవలె పెరుగగా, 2011లో లినక్సు కర్త లైనస్ టోర్వాల్డ్స్ బహిరంగముగనే విసుగుకొనెను. పిదప ఆర్మ్ బోర్డులు డివైస్ ట్రీ పద్ధతికి మరలినవి. వంశవృక్షమువలె కొమ్మలుగా బోర్డును వర్ణించు ఈ పట్టిక, 1994లో ప్రమాణముగా వెలువడిన ఓపెన్ ఫర్మ్‌వేరు నుండి వచ్చినది.

ఇంతలో బూట్‌లోడరే రెండంచెలైనది. చిప్పులోపలి మెమరీ స్వల్పమగుటచే మొదట చిన్నది నడచి, బయటి మెమరీని సిద్ధపరచి, పెద్దదానిని పిలుచును. 1985లోనే బెంగళూరున కేంద్రము నెలకొల్పిన టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి ప్రాసెసరుగల బీగిల్‌బోన్ బోర్డు ఇందుకు చక్కని ఉదాహరణము. బోర్డు పేరు అందలి ఈఈప్రామ్ చిప్పులో నుండును; ఏ డివైస్ ట్రీ కావలయునో దానినిబట్టియే తేలును. దానిని మొదటి అంచె చదివినను, రెండవది మరల చదువవలసినదేనా? 2016 నాటి యు-బూట్ ప్రోగ్రాములో, చదివిన వివరమును చిప్పు మెమరీలో నియమిత స్థలమున నుంచి, ముందొక గుర్తుసంఖ్యను వ్రాయు ఏర్పాటు వచ్చినది. విద్యుత్తు వచ్చిన క్షణమున మెమరీలో అర్థములేని అంకెలుండును గదా! గుర్తు సరిపడిననే రెండవ అంచె ఆ వివరమును నమ్మును. లేనిచో చిప్పునే మరల చదువును.

అయినను ఇది ఒక సంస్థ బోర్డులకే చెల్లు ఏర్పాటు. అందరికిని పనికివచ్చు పద్ధతికై 2018లో యు-బూట్‌లో బ్లాబ్‌లిస్టు పుట్టినది; తరువాత ఆర్మ్ సంస్థ ఆధ్వర్యమున ఫర్మ్‌వేర్ హ్యాండాఫ్ అను నిబంధన రూపొందినది. విచిత్రమేమన, ఇదియు ట్యాగుల వరుసయే! సింప్యూటర్ నాడు చాలవని విడిచిన చీటీలు తిరిగివచ్చి, తమ స్థానము నాక్రమించిన డివైస్ ట్రీనే మోయుచున్నవి. ఆ వరుసలో డివైస్ ట్రీ ట్యాగు సంఖ్య 1.