భుజం కీలులోనికి చిన్న ద్వారం

కీహోల్ శస్త్రచికిత్స అనగానే ఆ ఘనత యావత్తూ కెమెరాదేనని భావిస్తాము. భుజం చరిత్ర మరొక సత్యాన్ని తెలుపుతున్నది.

భుజంలో తెగిన టెండన్‌ను కుట్టే విధానాన్ని బోస్టన్ శస్త్రవైద్యుడు కాడ్‌మన్ 1911లో ప్రచురించాడు. ఆనాడు లోపలికి చేరాలంటే పైనున్న డెల్టాయిడ్ కండరాన్ని చీల్చక తప్పేది కాదు. 1931లో న్యూయార్క్ వైద్యుడు బర్మన్, మృతదేహాల కీళ్లలోనికి సన్నని దర్శినిని చొప్పించి, భుజాన్ని కూడా పరిశీలించాడు. ఆ మార్గం చికిత్సగా వ్యాపించినది 1980ల నుండే.

రంధ్రం చిన్నదైనకొద్దీ దాని స్థానం కచ్చితంగా ఉండాలి. భుజం కొనన ఉన్న ఎముక వెనుక మూలకు సుమారు 2 సెంటీమీటర్లు కిందుగా, 1 సెంటీమీటరు లోపలివైపుగా ఉన్న మెత్తని చోటే ప్రధాన ద్వారం. అదే ఎముక పక్క అంచుకు దాదాపు 5 సెంటీమీటర్ల దిగువన డెల్టాయిడ్‌ను కదిలించే ఆక్సిలరీ నాడి సాగుతుంది. అది దెబ్బతింటే చేయి పైకెత్తడమే కష్టమవుతుంది. కనుక శస్త్రవైద్యుడు మొదట ఎముకల అంచులను చర్మంపై గీసుకుంటాడు.

గాటు చిన్నదని మీరు విశ్రాంతిని తగ్గించుకోవద్దు. చర్మం రెండు వారాలలో మానుతుంది. టెండన్ ఎముకకు గట్టిగా అతుక్కొనడానికి, కాడ్‌మన్ కాలంలో వలెనే, నేటికీ నెలలు కావాలి.