బాలపాఠకుల తీర్పు

కావ్యము యొక్క మంచిచెడ్డలను నిర్ణయింపవలసినవారు విద్వాంసులే యని మన పూర్వులు తలచిరి. శాకుంతల ప్రస్తావనయందు కాళిదాసంతటివాడును విద్వత్సభ మెప్పునే తన నాటకమునకు గీటురాయిగ నుంచుకొనెను. అయినను ఇదే దేశమున మరియొక సంప్రదాయమును కలదు. పంచతంత్రమునందలి అమరశక్తి మహారాజు కుమారులు మువ్వురును చదువన్నచో ముఖము త్రిప్పుకొనెడివారు. ఆరు మాసములలో వారిని నీతికోవిదులను చేయుదునని విష్ణుశర్మ ప్రతిన పూని కథలు చెప్పనారంభించెను. వినుచున్న బాలురకు విసుగు పుట్టినచో ఆ ప్రతిన యానాడే భగ్నమై యుండెడిది. కనుక పంచతంత్రమునకు ప్రథమ పరీక్షకులు రాజసభలోని పండితులు కారు. చదువొల్లని ముగ్గురు పిల్లలు. ఐనను ఏ కథ వారికి నచ్చెనో, ఏ కథకడ వారు ఆవులించిరో గ్రంథము చెప్పదు. రాజునకు కలిగిన సంతోషము వ్రాతకెక్కినది గాని పిల్లల యభిప్రాయము వ్రాతకెక్కలేదు.

పిల్లల యభిప్రాయమును అడిగి వ్రాసిపెట్టుకొను నలవాటు లోకమునకు చాల ఆలస్యముగ వచ్చినది. వచ్చిన పిమ్మట దానివలన కలిగిన మేలెట్టిదో, దానికి గల హద్దులెట్టివో తెలిసికొనుట గ్రంథాలయములు నడపువారికి అవసరము. అందులకు నవలల చరిత్రలో నిదర్శనములు పెక్కులు కలవు.

అమెరికా దేశమున బోస్టను నగరమునందలి రాబర్ట్స్ బ్రదర్స్ అను ప్రచురణసంస్థ పక్షమున థామస్ నైల్స్ అను నాతడు లూయిజా మే ఆల్కాట్ అను రచయిత్రిని బాలికలకొక కథ వ్రాసి యిమ్మని కోరెను. ఆమెకు ఆ పని యందు ఇష్టము లేదు. 1868 జూన్ మాసమున 12 ప్రకరణములు వ్రాసి పంపగా అవి నైల్స్‌కు చప్పగ తోచెను. తనకును అట్లే తోచినదని ఆమె తన దినచర్యలో వ్రాసికొనెను. వ్రాసినవారికిని అచ్చువేయవలసినవారికిని నచ్చని గ్రంథము మూలబడుటయే లోకరీతి. కాని నైల్స్ ఆ వ్రాతప్రతిని తన మేనకోడలికి చదువనిచ్చెను. ఆ బాలికయు, మరికొందరు బాలికలును చదివి మిక్కిలి మెచ్చుకొనిరి. పుస్తకము వారికొరకే గాన వారే తగిన విమర్శకులని ఆగస్టు మాసమున ఆల్కాట్ దినచర్యలో వ్రాసికొని సమాధానపడెను. అదియే ‘లిటిల్ విమెన్’. ఆ సంవత్సరముననే తొలిభాగము వెలువడి ఆమె దారిద్ర్యమును తీర్చినది.

కథ అంతటితో ముగియలేదు. తొలిభాగము చదివిన బాలికలు ఆమెకు ఉత్తరములు వ్రాయసాగిరి. అక్కచెల్లెండ్రు నలుగురిలో ఎవరిని ఎవరికిచ్చి పెండ్లి చేయుదురని వారి ప్రశ్న. జో అను నాయికను పొరుగింటి లారీకిచ్చి తీరవలెనని పలువురి కోరిక. స్త్రీ జన్మమునకు పెండ్లి యొక్కటియే పరమార్థమైనట్లు అడుగుచున్నారని ఆల్కాట్ నొచ్చుకొనెను. 1869లో వెలువడిన రెండవ భాగమున జోకు పెండ్లి చేసినది గాని లారీతో కాదు. వయస్సు చెల్లిన ఒక ఆచార్యునితో. ఇచ్చట రెండు సంగతులు గమనింపవలెను. పుస్తకము బ్రదుకవలెనా యనునప్పుడు రచయిత్రి బాలికల మాట వినెను. కథ ఎట్లు నడువవలెననునప్పుడు వారి మాటను సగమే వినెను. ఆ రెండవ నిర్ణయమునుగూర్చి చదువరులు నేటికిని వాదులాడుచునే యున్నారు.

ఇటలీ దేశమున ఇంతకంటె విచిత్రమైన సంగతి జరిగినది. 1881 జులై మాసమున రోము నగరమున పిల్లలకై యొక వారపత్రిక వెలువడ నారంభించెను. అందు కార్లో కొలోడి అను నాతడు ఒక కొయ్యబొమ్మ కథను ధారావాహికముగ వ్రాసెను. చెప్పినమాట వినని బొమ్మకు తగిన శాస్తి జరుగవలెనని ఆయన తలంపు కాబోలు. అక్టోబరు మాసాంతమున, 15వ ప్రకరణముతో, దొంగలు ఆ బొమ్మను చెట్టుకొమ్మకు ఉరిదీసినట్లు వ్రాసి కథ ముగించెను. నీతి బోధించువారి దృష్టిలో అది నిర్దుష్టమైన ముగింపే. కాని బాలపాఠకులు ఒప్పుకొనలేదు. పత్రికకు వారి మొర వచ్చినది. సంపాదకుడు రచయితను బ్రతిమాలెను. 1882 ఫిబ్రవరిలో కొలోడి ఆ బొమ్మను మరల బ్రదికించి కథ సాగించెను. 36 ప్రకరణములతో ముగిసిన ఆ గ్రంథము 1883లో పుస్తకరూపమున వెలువడినది. అదియే పెక్కు భాషలలోనికి పోయిన ‘పినోకియో’. నేడు లోకమెల్ల ఎరిగిన సంగతులు, అబద్ధమాడినప్పుడెల్ల ముక్కు పొడుగగుటయు, తుదకు బొమ్మ నిజమైన బాలుడగుటయు, ఆ 15వ ప్రకరణమునకు తరువాతివే. పిల్లలు ఊరకుండినచో అవి పుట్టియే యుండవు.

అట్లని పిల్లల తీర్పు ఎల్లప్పుడును ఒక్కటిగ నుండునని తలపరాదు. అదే 1881వ సంవత్సరమున స్కాట్లండు దేశపు బ్రేమార్ గ్రామమున రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ తన భార్యకు పూర్వవివాహమున గలిగిన 13 ఏండ్ల కుమారుని వినోదమునకై ఒక దీవి పటము గీసి, దానినుండి యొక కథ అల్లెను. దినమున కొక ప్రకరణము వ్రాసి ఇంటిల్లిపాదికిని చదివి వినిపించుచుండెను. ఆ బాలుడు పరవశుడయ్యెను. స్టీవెన్‌సన్ తండ్రియు బాలునివలె నుత్సహించి, ముసలి నావికుని పెట్టెలో ఏయే వస్తువులుండవలెనో పట్టీ వ్రాసి యిచ్చెను. కాని ఆ కథ ఒక బాలుర పత్రికలో ధారావాహికముగ వచ్చినప్పుడు చదువరులు దానిని లెక్కచేయలేదని రచయితయే తరువాత చెప్పుకొనెను. 1883లో పుస్తకముగ వచ్చిన పిమ్మటనే దానికి కీర్తి కలిగెను. ‘ట్రెజర్ ఐలండ్’ అను ఆ నవలను నండూరి రామమోహనరావు గారు ‘కాంచనద్వీపం’ అను పేర తెనిగించిరి. ఒకయింటి బాలుడు మెచ్చినదానిని పత్రిక చదివిన బాలురు మెచ్చకపోవుటయు, పత్రికలో అణగిపోయినది పుస్తకమై వెలుగుటయు చూడగా, ఒక్కనాటి తీర్పును కడపటి తీర్పుగ భావింపరాదని తేలుచున్నది.

పిల్లల యభిప్రాయమునకు కూలి కట్టి యిచ్చిన ప్రచురణకర్త ఇంగ్లండులో ఒకడుండెను. ఆయన పేరు స్టాన్లీ అన్‌విన్. పిల్లల పుస్తకముల మంచిచెడ్డలు పిల్లలకే తెలియునని ఆయన నమ్మకము. 1936లో ఆక్స్‌ఫర్డు ఆచార్యుడైన టోల్కిన్ వ్రాసిన ‘హాబిట్’ అను కథ తనయొద్దకు రాగా ఆయన దానిని పదేండ్ల తన కుమారుడు రేనర్‌కు ఇచ్చెను. అక్టోబరు 30వ తేదీన ఆ బాలుడు చిన్న నివేదిక వ్రాసి, అందులకు ఒక షిల్లింగు పుచ్చుకొనెను. పటములుండినచో వేరు బొమ్మలు అక్కరలేదనియు, 5 మొదలు 9 ఏండ్ల పిల్లలకు నచ్చుననియు అందలి సారాంశము. తాను పదేండ్లవాడు గాన తనకంటె చిన్నవారికి తగునని పెద్దరికముతో చెప్పినాడు! 1937 సెప్టెంబరులో 1,500 ప్రతులు వెలువడి డిసెంబరు నాటికి చెల్లిపోయెను. పిమ్మట టోల్కిన్ వ్రాసిన ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ అను మహాగ్రంథమునకు నష్టము తప్పదని శంక కలిగినప్పుడు, అప్పటికి యువకుడై తండ్రి సంస్థలో పనిచేయుచున్న ఆ రేనరే దాని పక్షమున నిలిచెను. అది 1954, 1955 సంవత్సరములలో మూడు సంపుటములుగ వెలువడినది. షిల్లింగు పుచ్చుకొని అభిప్రాయము చెప్పిన బాలుడు పెక్కేండ్లకు అదే గ్రంథకర్తకు అండయై నిలుచుట చూచినచో, బాల్యమున అభిప్రాయము నడిగించుకొన్నవాడు పెద్దయైన పిమ్మట ఎట్టి చదువరియగునో తెలియుచున్నది.

ఇంతవరకు చెప్పినది రచయితలకును ప్రచురణకర్తలకును సంబంధించినది. గ్రంథాలయముల సంగతియు కలదు. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో 1906 మొదలు 1941 వరకు బాలల విభాగమునకు అధికారిణిగ నుండిన ఆన్ కెరోల్ మూర్ పిల్లలకు గ్రంథాలయ ద్వారములు తెరిచినవారిలో అగ్రగణ్యురాలు. పిల్లలను పుస్తకము తాకనీయని కాలమున, వారిచేత సంతకము చేయించుకొని పుస్తకములు ఇంటికిచ్చు పద్ధతిని ప్రోత్సహించెను. అంతటి యామె 1945లో ఇ. బి. వైట్ వ్రాసిన ‘స్టువర్ట్ లిటిల్’ అను నవలను అచ్చుకాకముందే చదివి, దానిని ప్రకటింపవలదని దీర్ఘమైన లేఖ వ్రాసెను. మనుష్యుల యింట ఎలుకవంటి బిడ్డ పుట్టుట ఆమెకు సరిపడలేదు. వైట్ వినలేదు. పుస్తకము వెలువడినది, పిల్లలు ఎలుకపిల్లకొరకు ఎగబడిరి. పిల్లల మేలు కోరినవారికిని, పిల్లలను ప్రేమించినవారికిని పిల్లల రుచి తెలియకపోవచ్చునని దీనివలన స్పష్టము. ఆమె దోషము ప్రేమలేమి కాదు, అడుగకపోవుట.

బాల్యము గడచి యౌవనము రాని వయస్సువారి స్థితి మరింత చిక్కైనది. వారికి పిల్లల కథలు చిన్నవి. పెద్దల నవలలు దూరము. అమెరికాలో టల్సా పట్టణపు పాఠశాలలో చదువుచున్న ఎస్. ఇ. హింటన్ అను బాలిక తన యీడువారి నిజమైన బ్రదుకు ఏ పుస్తకమునను కానరాదని విసిగి, తానే పదునైదేండ్ల వయస్సున వ్రాయ మొదలిడెను. పేద కుఱ్ఱవాండ్రకును ధనికుల బిడ్డలకును నడుమ జరిగిన పోరాటమునుగూర్చిన ఆమె నవల ‘ది అవుట్‌సైడర్స్’ 1967లో వెలువడునప్పటికి ఆమెకు 18 ఏండ్లు. చదువరి యొక్క అసంతృప్తియే నవలయైన సందర్భమిది. 1980లో కాలిఫోర్నియా రాష్ట్రమున ఫ్రెస్నో ప్రాంతపు ఒక పాఠశాల గ్రంథాలయ ఉద్యోగినియు, విద్యార్థులును సంతకములు చేసి, ఈ నవలను చిత్రముగ తీయుమని ప్రసిద్ధ దర్శకుడు ఫ్రాన్సిస్ కొప్పోలాకు లేఖ పంపిరి. 1983లో చిత్రము వెలువడినది. ఒక చిన్న పాఠశాల గ్రంథాలయమునుండి పోయిన కాగితమునకు అంత బలము కలిగెను.

తెలుగుదేశమున ఇట్టి నిదర్శనములు లేకపోలేదు. 1947 జులైలో మద్రాసునుండి వెలువడ నారంభించిన ‘చందమామ’లో దాసరి సుబ్రహ్మణ్యం గారు 1954లో ‘తోకచుక్క’ మొదలుకొని వరుసగ ధారావాహికలు వ్రాసిరి. చిత్రాగారు వానికి బొమ్మలు వేసిరి. మాంత్రికులు, రాక్షసులు, శిథిలదుర్గములు గల ఆ కథలను నీతిబోధకులైన పెద్దలు గొప్ప సాహిత్యమని యెంచలేదు. వ్రాసినవారి పేరును పలువురు చదువరులు చిరకాలమెరుగరు. ఐనను నెలనెలయు పత్రికకై ఎదురుచూచిన పిల్లలు వానిని మరువలేదు. వారే పెద్దవారై, జుట్టు నెరసిన పిమ్మట పాత సంచికలు వెదకి దాచుకొనిరి. కథకుని పేరు విచారించి తెలిసికొనిరి. ఆ ధారావాహికలు తుదకు పుస్తకరూపమున వెలువడినవి. ‘చందమామ’ పత్రిక నిలిచిపోయినను బాలపాఠకులు ఆనాడిచ్చిన తీర్పు నిలిచియున్నది. కాని అది వారి జ్ఞాపకములలో నిలిచినదే గాని, ఆ కాలమున ఎవరును అడిగి వ్రాసికొన్నది కాదు. అడిగియుండినచో ఆ కథకునకు తన జీవితకాలముననే ఎంతో ముందుగ గౌరవము దక్కెడిది.

పై సంగతులనుబట్టి పిల్లలు కోరినదెల్ల ఈయవలెనని వాదించుట తగదు. ఆల్కాట్ అట్లు చేయలేదు. పథ్యమెరిగినవాడు వైద్యుడే, కాని నొప్పి ఎచ్చటనో చెప్పవలసినవాడు రోగి. పుస్తకము నెన్నుకొనుట పెద్దల బాధ్యత. ఎన్నుకొన్నది పిల్లవానిని చేరినదో లేదో చెప్పుట పిల్లవాని యధికారము. ఈ రెండింటిలో మొదటిదానిని గ్రంథాలయములు శ్రద్ధతో నిర్వహించినవి. రెండవదానిని మరచినవి.

ఇరువదియైదేండ్లు నిండిన గ్రామ గ్రంథాలయమున లెక్కలకు కొదువ యుండదు. కొన్న పుస్తకములకు లెక్క కలదు. పోయిన పుస్తకములకు లెక్క కలదు. ఏ పుస్తకము ఎవరు ఎన్నడు తీసికొనిరో, ఎన్నడు తిరిగి యిచ్చిరో జారీపుస్తకము చెప్పును. కాని ఆ పిల్లవాడు దానిని చివరివరకు చదివెనా, నడుమ మూసివేసెనా, తమ్మునికి చదివి వినిపించెనా యనుటకు అందు గడి లేదు. అట్ట ఊడి, అంచులు నలిగి, మూడుమార్లు కుట్టించిన పుస్తకము పిల్లలు మెచ్చినది. కాగితము మెరుగు తగ్గక బీరువాలో నిలిచినది పెద్దలు మెచ్చినది. బీరువా తెరిచి చూచినవారికి ఇంతమాత్రము తెలియక పోదు.

నేడు పిల్లలచేతికి పుస్తకముకంటె ముందు సెల్‌ఫోను వచ్చుచున్నది. గ్రంథాలయపు మెట్లెక్కు పిల్లవాడు తనంత తానుగ వచ్చిన యతిథి. అతడు పుస్తకము తిరిగి యిచ్చునప్పుడు బాగున్నదా యని అడిగినచో బాగున్నదనియే చెప్పును. అది మర్యాదకు చెప్పు మాట. ఎచ్చట ఆపితివి, ఎవరిమీద కోపము వచ్చినది, ముగింపు మార్చమన్నచో ఏమి మార్తువు అని అడిగినచో నిజము చెప్పును. చెప్పిన మాటను దిద్దక, చెప్పినట్లే తేదీతో వ్రాసి పెట్టుటకు నూరు పుటల నోటుపుస్తకము ఒక్కటి చాలును. దానికి నిధులు అక్కరలేదు, తీర్మానము అక్కరలేదు. పుస్తకములు కొనుటకు పట్టీ తయారుచేయునప్పుడు ఆ నోటుపుస్తకమును ఒకమారు తిరుగవేసినచో చాలును.

అమరశక్తి కుమారులు ఏ కథను మెచ్చిరో నేడెవరును చెప్పజాలరు. ఈ గ్రంథాలయమునకు స్వర్ణోత్సవము జరుగునాటికి, ఈ యూరి పిల్లలు ఏ కథను మెచ్చిరని అడిగినవారికి అట్టి సమాధానము చెప్పవలసిన గతి పట్టకుండుగాక.