వైద్యుని మాట – లేఖకుని చెవి

రోగిని పరీక్షించిన వైద్యుడు తాను కనుగొన్న విషయములను ఎచ్చటనో నిలిపి ఉంచవలెను. రోగలక్షణములు, పరీక్షల ఫలితములు, ఇచ్చిన మందులు, వాని మోతాదులు అక్షరరూపమున ఉన్నపుడే మరునాడు వచ్చు వైద్యునికి చికిత్స సాగించుటకు ఆధారము దొరకును. అమెరికాలో పెక్కుమంది వైద్యులు చాలకాలముగా ఈ వివరములను స్వయముగా వ్రాయక నోటితో చెప్పుచు వచ్చిరి. ఆ మాటలను విని టైపుచేయువారే మెడికల్ ట్రాన్స్‌క్రిప్షనిస్టులు. వీరిని తెలుగున వైద్యలేఖకులు అనవచ్చును. ఈ వృత్తి ఎట్లు పుట్టెను?

ఇరువదవ శతాబ్ది ఆరంభమున అమెరికాలోని పెక్కు ఆసుపత్రులలో రోగుల చరిత్రలను క్రమముగా వ్రాసి ఉంచెడివారు కారు. 1913లో ఏర్పడిన అమెరికన్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ అను శస్త్రవైద్యుల సంఘము ఈ లోపమును గుర్తించెను. 100 పడకలు, అంతకు మించి గల ఆసుపత్రులు 692 పరిశీలింపగా, కనీస ప్రమాణములకు తగినవి 89 మాత్రమే తేలినవి. ప్రతి రోగికిని సమగ్రమైన, సరియైన రికార్డు ఉండవలెననునది ఆ ప్రమాణములలో ఒకటి. 1928లో రికార్డు లైబ్రేరియన్ల సంఘము ఏర్పడెను. బోస్టనులోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో పనిచేసిన గ్రేస్ వైటింగ్ మయర్స్ దానికి ప్రథమాధ్యక్షురాలు. వ్రాయవలసినది పెరిగినకొలది వైద్యునికి వ్రాయు తీరిక తగ్గెను.

తొలుత వైద్యుని ప్రక్కన కూర్చుండి షార్ట్‌హ్యాండులో వ్రాసికొను సహాయకులు ఉండెడివారు. మాట స్పష్టముగా వినబడనిచో వారు అప్పుడే మరల అడుగగలిగెడివారు. పిమ్మట యంత్రము వచ్చెను. 1877లో ఫోనోగ్రాఫును కనుగొన్న ఎడిసన్, మరుసటి సంవత్సరమున దాని ఉపయోగములను వివరించుచు, స్టెనోగ్రాఫరు లేకుండ ఉత్తరములు చెప్పి వ్రాయించుటను మొట్టమొదట పేర్కొనెను. మైనపు స్తంభములపై మాటను ముద్రించు యంత్రములకు 1907లో డిక్టాఫోను అను పేరు వచ్చెను. తరువాత ప్లాస్టిక్ పట్టీలు, అయస్కాంతపు టేపులు, చివరకు కంప్యూటర్లు వచ్చినవి. వైద్యుడు తనకు వీలైన వేళ చెప్పును. లేఖకుడు మరియొక వేళ, మరియొక చోట వినును. దీనివలన కాలము కలిసివచ్చెను. కాని సందేహము కలిగిన క్షణమున అడుగుటకు ఎదుట వైద్యుడు లేకుండ పోయెను.

లేఖకుడు చెవులకు హెడ్‌ఫోను తగిలించుకొని, కాలి క్రింది పెడలుతో ధ్వనిని ఆపుచు, వెనుకకు త్రిప్పుచు టైపుచేయును. వైద్యుడు తొందరగా మాటాడవచ్చును. ప్రక్కన ఇతర శబ్దములు ఉండవచ్చును. చెవి ఎంత చురుకైనదైనను చాలదు. ‘ఇలియమ్’ అను మాటనే తీసికొందము. ఇంగ్లీషున మూడవ అక్షరము ‘ఇ’ అయినచో అది చిన్నప్రేగు చివరి భాగము. ‘ఐ’ అయినచో తుంటి ఎముక పైభాగము. ఉచ్చారణ ఒక్కటే. రోగికి విరేచనములా, ఎముక విరుగుటయా అని ముందువెనుకలు చూచి నిర్ణయింపవలెను. కనుకనే లేఖకునికి శరీరశాస్త్రము, మందుల పేర్లు, రోగముల స్వభావము తెలిసియుండవలెను.

అప్పటికిని తెలియనిచో ఏమి చేయవలెను? ఆ స్థలమును ఖాళీగా విడిచి, ఆ మాట ధ్వనిలో ఎచ్చట ఉన్నదో గుర్తువేసి, వైద్యునికి తెలుపవలెను. ఊహించి వ్రాయరాదు. ఇది వృత్తిధర్మము. అయితే వేతనము పెక్కుచోట్ల పంక్తుల లెక్కపై ఆధారపడెను. పదముల నడుమ ఎడములతో కూడ 65 అక్షరములు ఒక పంక్తి. ఒక్క మాటకొరకు పదిసార్లు విన్నను పంక్తి పెరుగదు. ధర్మమునకు, జీవనమునకు ఇచ్చటనే ఘర్షణ.

వీరిలో అధికసంఖ్యాకులు స్త్రీలు. 1978లో వీరు అమెరికాలో జాతీయ సంఘమును స్థాపించుకొనిరి. 1990 ప్రాంతముల పిమ్మట ఈ పని ఇంటర్నెట్టు ద్వారా భారతదేశమునకు కూడ చేరెను. న్యూయార్కులో శీతకాలమున సాయంకాలము 6 గంటలగునప్పటికి హైదరాబాదులో మరునాటి వేకువ 4-30 గంటలు. అచ్చటి వైద్యుడు నిద్రించి లేచులోపల ఇచ్చట పత్రము సిద్ధమగును. హైదరాబాదు, బెంగుళూరు, చెన్నై వంటి నగరములలో ఎందరో పట్టభద్రులు పరదేశపు ఉచ్చారణకు చెవిని అలవరచుకొని దీనితో జీవించిరి.

దూరము పెరిగినపుడు సరిచూచు బాధ్యతయు పెరుగవలెను. 2008లో అలబామా రాష్ట్రమున ఒక రోగిని ఆసుపత్రినుండి వేరొక చికిత్సాలయమునకు పంపిరి. భారతదేశమున టైపయిన డిశ్చార్జి పత్రములో ఇన్సులిను 8 యూనిట్లకు మారుగా 80 యూనిట్లు అని పడెను. వైద్యుడు సరిచూడకమునుపే ఆ పత్రము వెళ్లెను. ఆ మోతాదు ఇచ్చిన పిమ్మట రోగి మరణించెను. 2012లో జ్యూరీ 14 కోట్ల డాలర్ల పరిహారము విధించెను. పొరపాటు ఒక్క సున్న. దానిని పట్టుకొనదగిన కన్నులు పెక్కు. పట్టుకొన్నవి ఏవియు లేవు.

ఎడతెగక చెప్పు మాటలను నేరుగా అక్షరములుగా మార్చు కంప్యూటరు సాధనములు 1997 నుండి బజారులోనికి వచ్చినవి. 2009లో అమెరికా ప్రభుత్వము ఎలక్ట్రానిక్ రికార్డులను ప్రోత్సహించు శాసనము చేసెను. టైపుచేయు పని తగ్గెను. యంత్రము వ్రాసినదానిని ధ్వనితో పోల్చి దిద్దు పని వచ్చెను. యంత్రము తాను విన్న ధ్వనికి మిక్కిలి సరిపోవునని తోచిన పదమును ఎన్నుకొనును. అది తప్పైనను వాక్యము చక్కగనే కనబడును. ఖాళీ ఉన్నచో చదువరి ఆగును. చక్కని తప్పును చూచి ఎవరును ఆగరు. కాబట్టి సాధనము ఏదైనను, ధ్వనిని మరల విని, సందేహమున్నచోట ఖాళీ విడువగల మనిషి అవసరము తీరలేదు. విద్యార్థి ప్రయోగశాలలో కొలత తెలియనిచోట అంకెను కల్పింపక విడిచిపెట్టుట నేర్చుకొనునట్లే, వైద్యలేఖకుడును నేర్చుకొనవలసిన మొదటి పాఠము అదియే.