బస్సు వచ్చే చోటే ఊరు



కర్నూలు పాత ఊళ్లోని మా ఇల్లు అమ్మి, హైవే పక్కన కొత్త వెంచరులో స్థలం కొందామని మా అబ్బాయి అంటున్నాడు. అక్కడ గాలీ వెలుతురూ బాగుంటాయట, నిజమే. నేనడిగింది ఒక్కటే: "అక్కడికి బస్సు వస్తుందా నాయనా?" ఈ ప్రశ్నకు మన జిల్లాలో చరిత్ర ఉంది.

1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయినప్పుడు భవనాలు చాలక డేరాలు వేశారు. ఏ, బి, సి క్యాంపుల పేర్లు ఆనాటివేనని పెద్దలు చెప్పేవారు. అప్పట్లో తుంగభద్ర, హంద్రీల నడుమ ఊరు చిన్నది. ఇల్లు, బజారు, ఆఫీసు కాలినడక దూరంలోనే ఉండేవి. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు తరలింది.

1958 జనవరి 11న ఆర్టీసీ ఏర్పడింది. తర్వాత మన జిల్లా ప్రైవేటు రూట్లను జాతీయం చేయబోతే యజమానులు కోర్టుకెక్కారు. 1964లో సుప్రీంకోర్టు ఆ పథకాలను కొట్టివేసింది. రాజకీయ కారణంతోనే కర్నూలును ఎంచుకున్నారన్న ఆరోపణను ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డిగారు అఫిడవిట్ వేసి ఖండించలేదని తప్పుపట్టింది. ఆయన రాజీనామా చేశారు. నేనప్పుడు హైస్కూలు పిల్లవాణ్ణి. బస్సు రూటుకు ముఖ్యమంత్రి పదవే పోయిందని పెద్దలు అరుగుల మీద చెప్పుకుంటుంటే విన్నాను.

తర్వాత ఎర్రబస్సు మన పల్లెలకు వచ్చింది. 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ సిబ్బంది ప్రభుత్వోద్యోగులయ్యారు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవారికి ప్రయాణం ఉచితం. కానీ బస్సే రాని కాలనీలో ఉచిత టిక్కెట్టు ఎవరికి ఉపయోగం?

బ్రెజిల్‌లోని కురిచీబా నగరంలో 1974 నుంచి బస్సులకు ప్రత్యేక దారులు వేసి, ఎత్తయిన భవనాలను వాటి వెంటే రానిచ్చారు. కర్నూలు, కడపల్లో మనం ముందు ప్లాట్లు వేసి, బస్సు కోసం తర్వాత అర్జీ పెడుతున్నాం. దగ్గరగా కట్టుకోవడమంటే ఏటి ఒడ్డున ఇరుక్కోవడం కాదని 2009 అక్టోబరు వరద మనకు నేర్పింది. మెరక మీద, బస్సు దారి వెంట కట్టుకోవాలి.

చూపు తగ్గి నేను స్కూటరు మానేశాను. ఆసుపత్రికీ ట్రెజరీకీ ఒకరిని బతిమాలకుండా వెళ్లగలగడమే మన వయసులో స్వాతంత్ర్యం. లేఅవుటుకు అనుమతి ఇచ్చేముందే బస్సు దారి ఖాయం చేయాలని మన సంఘం తరఫున అర్జీ పెట్టవలసిందిగా నా మనవి.

ఇల్లు మాత్రం ఇంకా అమ్మలేదు.