అణా చందాతో ఊరు నోరు విప్పిన ముచ్చట

గ్రామసభ ఉందని చాటింపు వేస్తే మన ఊర్లల్ల పోయేటోళ్లు ఎంతమంది? "పోతే ఏమొస్తది, రాసేది వాళ్లు ముందే రాసుకుంటరు" అని మనమే అంటం. నలుగురు కూసొని మాట్లాడుకుంటే ఏమొస్తదో మన వరంగల్ దిక్కు చరిత్రల ఉంది. పోస్టు పొడుగైతది, జర ఓపికతోని చదువుండ్రి.

1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పెట్టారు. మూడేళ్లకే, 1904లో, మన హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం వచ్చింది. పేరుకు గ్రంథాలయాలే. కానీ నిజాం రాజ్యంలో కచేరీ పని ఉర్దూ. సభ పెట్టాలంటే తర్వాత గస్తీ నిషాన్ 53 అనే హుకుం కూడా అడ్డం వచ్చింది, ముందే అనుమతి తీసుకోవాలి. అట్లాంటి కాలంలో పుస్తకాల పేరు మీద తెలుగోళ్లు ఒక్క కాడ కూసునే జాగా దొరకడమే పెద్ద సంగతి.

1921లో హైదరాబాద్‌లో సంఘ సంస్కార సభ జరిగింది. అల్లంపల్లి వెంకటరామారావు అనే వకీలు లేచి తెలుగులో మాట్లాడబోతే ఎగతాళి చేసి, గోల చేసి కూర్చోబెట్టారు. ఆ అవమానం మింగుడుపడని కొద్దిమంది కలిసి ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. మాడపాటి హనుమంతరావు దాన్ని ముందుకు నడిపారు, వెట్టి చాకిరీ మీద చిన్న పుస్తకాలు వేయించారు. అదే పెరిగి 1930లో జోగిపేటలో, సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన, మొదటి ఆంధ్ర మహాసభ అయింది. పక్కనే ఆడవాళ్ల సభ కూడా జరిగింది, నడింపల్లి సుందరమ్మ అధ్యక్షురాలు. తర్వాత ఏడాదికో ఊరు కాకున్నా దేవరకొండ, ఖమ్మం, సిరిసిల్ల అట్లా తిరిగింది. 1942లో మన దిక్కు ధర్మవరంలో కూడా జరిగింది.

కానీ ఉన్నది ఉన్నట్టు చెప్పాలె. మొదట్ల ఈ సభలల్ల ముందు వరుసల కూసున్నది వకీళ్లు, వర్తకులు, పెద్ద పట్టాదార్లు. తీర్మానాలు చేసి అర్జీలు పంపేటోళ్లు. వెట్టి గురించి మాట్లాడేటోళ్లు ఉన్నరు గని, వెట్టి చేసేటోడు ఆడ లేడు. చందా రూపాయి పెడితే కూలోడు యాడికెళ్లి తేవాలె? ఆ చందా తగ్గుకుంట వచ్చి, 1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షత వహించిన భువనగిరి సభ కాడికి ఒక్క అణా అయింది. రూపాయికి పదహారు అణాలని ఇప్పటి పిల్లలకు తెల్వకపోవచ్చు. ఆ సభకాడనే మితవాదులు వేరుపడ్డరు కూడా.

నా లెక్క ప్రకారం అసలు మలుపు ఈ అణానే. అణా కట్టినోడు సంఘంల మనిషి. దొర గడి ముంగట చెప్పులు చేతుల పట్టుకొని నడిచేటోడు సంఘం కాడ కూసొని తన గోస చెప్పుకున్నడు. నా ఒక్క ఇంటి కర్మ అనుకున్నది పక్కింట్ల కూడా ఉందని, పక్క ఊర్ల కూడా ఉందని అప్పుడు ఎరుకైంది. అర్జీ రాసేటోళ్లకు ఈ బలం లేదు.

పాలకుర్తి చాకలి ఐలమ్మ కథ మీకు కొత్త కాదు. కానీ దాన్ని ఈ కోణంలో చూడుండ్రి. ఆమె సంఘం సభ్యురాలు. కౌలు భూమిలో పండిన పంటను విస్నూరు దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకపోను వస్తే సంఘపోల్లు అడ్డం నిలబడి, ధాన్యం ఆమె ఇంటికి చేర్చారు. అంతకుముందు వాళ్లు కూసొని మాట్లాడుకున్నోళ్లు కాబట్టే పిలిస్తే వచ్చిండ్రు. ముక్కు మొకం తెల్వనోడు తన్నులు తినను వస్తడా? 1946 జులై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు పడిపోయిందీ సంఘం ఊరేగింపులోనే. ఆ తర్వాత 1951 దాకా నడిచింది తుపాకుల కథ, అది ఇంకోపారి.

ఇగ మన కాలానికి వస్తే గీసుగొండ మండలం గంగదేవిపల్లి. 1982లోనే ఊరంతా ఒక మాట మీదికి వచ్చి మద్యం బంద్ చేసుకున్నరు. తర్వాత బాలవికాస సంస్థ తోడుతో మంచినీళ్ల ట్యాంకు కట్టుకున్నరు, అందుల ఊరోళ్ల చందా ఉంది, రెక్కల కష్టం కూడా ఉంది. నీళ్లకో కమిటీ, శుభ్రానికో కమిటీ, ఒక్కో పనికి ఒక్కోటి. 2007లో నిర్మల్ గ్రామ పురస్కారం వచ్చింది. 2015 ఆగస్టులో గ్రామజ్యోతిని ముఖ్యమంత్రి ఆడనే మొదలుపెట్టిండు. యాడయాడికెళ్లో చూడను వచ్చిపోతరు. చూసినోళ్లు కమిటీల పేర్లు రాసుకపోతరు గని, కమిటీ కూసునే అలవాటు రాసుకుంటే వచ్చేది కాదు. ఏండ్లు పడతది. పైసలు ఇచ్చినోడు లెక్క అడుగుతడు, మట్టి మోసినోడు నల్లా కారితే ఊకోడు. అణా కథ ఇదే.

2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలె. అంటే ఏడాదికి ఆరు. నాట్ల కాలంల పగటీలి పదకొండు గంటలకు పెడితే ఎవడొస్తడు? పొద్దుగూకినంక పెట్టుమనుండ్రి. కొత్త ముచ్చట ఎత్తకముందే పోయినసారి తీర్మానాల పుస్తకం తీసి, ఏది అయింది, ఏది కాలేదు అని చదివి వినిపించుమనుండ్రి. ఒక్కడే అడిగితే నవ్వుతరు. మీ వాడల అయిదుగురు ముందుగాల్నే అనుకొని పోండ్రి. మా ఊర్ల మేము ఆరుగురం అయినం.