ఇంటి రౌటరులో 22వ నంబరు తలుపు

ఆఫీసులో కూర్చుని ఇంట్లోని కంప్యూటర్లోకి లాగిన్ అవ్వాలంటే రౌటర్లో ఏం చెయ్యాలని మనవాళ్ళు చాలామంది నన్ను అడుగుతుంటారు. చేసే పని చిన్నదే. కానీ ఆ తలుపు అసలెందుకు మూసి ఉందో, దాని తాళం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిస్తే మంచిది. అందుకని ఈవేళ కాస్త చరిత్ర చెప్పుకుందాం.

ముందు తాళం సంగతి. ఒకప్పుడు దూరాన ఉన్న మిషన్లోకి వెళ్ళడానికి టెల్నెట్ వాడేవాళ్ళం. దాని తలుపు, అంటే పోర్టు, నంబరు 23. అందులో పాస్‌వర్డు పోస్టుకార్డు మీద రాసినట్టు బాహాటంగా పోయేది. 1995లో ఫిన్లాండులోని హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్కులో ఎవరో పొంచి ఉండి పాస్‌వర్డులు కాజేశారు. అక్కడి పరిశోధకుడు టాటు యులోనెన్ దానికి విరుగుడుగా, అంతా రహస్య లిపిలో నడిచే ఎస్‌ఎస్‌హెచ్ రాశాడు. ఎఫ్‌టీపీది 21, టెల్నెట్‌ది 23. మధ్యలో 22 ఖాళీ. ఇమ్మని ఈమెయిల్ రాస్తే మర్నాడే ఇచ్చేశారు! 1999లో ఓపెన్‌బీఎస్‌డీ బృందం ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ తెచ్చింది. ఇవాళ మన లినక్సు మిషన్లలో సాధారణంగా ఉండేది అదే.

ఇక గోడ సంగతి. ఇంటర్నెట్టులో పాత పద్ధతి అడ్రసులు సుమారు 430 కోట్లు. అవి చాలవని గ్రహించి 1994లో ఎగెవాంగ్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు నాట్ పద్ధతిని ప్రతిపాదించారు. ఇంటిల్లిపాదికీ బయట ఒకటే అడ్రసు, లోపల 192.168తో మొదలయ్యే సొంత నంబర్లు. పిలవకుండా బయటినుంచి వచ్చినదాన్ని ఎవరికి అప్పజెప్పాలో తెలియక రౌటరు ఆపేస్తుంది. ఫైర్‌వాల్ కాపలా దానికి తోడైంది. కానీ నాట్ గోడ లేచింది మాత్రం దొంగల భయంతో కాదు, ఇంటి నంబర్లు చాలక!

పోర్ట్ ఫార్వర్డింగ్ అంటే ఆ గోడకు మనమే కన్నం పెట్టడం. ఇంట్లో మిషనుకు మారని లోపలి అడ్రసు ఇచ్చి, 22కు వచ్చినదాన్ని దానికి పంపమని రౌటరుకు చెప్పాలి. ఆ క్షణం నుంచీ ఆ మిషను వీధిలో ఉన్నట్టే. కనుక ముందే పాస్‌వర్డు లాగిన్ ఆపేసి, తాళంచెవి ఫైలు ఉన్నవాళ్ళకే ప్రవేశం ఉండేలా చెయ్యండి. రూట్ పేరుతో లాగిన్ వద్దు. ఆఫీసు అడ్రసు మారనిదైతే ఫైర్‌వాల్లో దానికొక్కదానికే అనుమతివ్వండి. పోర్టు నంబరు మార్చితే తలుపు తట్టేవాళ్ళు తగ్గుతారు గానీ, అది తాళం కాదు.

2016లో మిరాయ్ అనే పురుగు టెల్నెట్ తలుపులు తడుతూ, ఫ్యాక్టరీలో పెట్టిన పేర్లూ పాస్‌వర్డులూ 60కి పైగా జతలు ప్రయత్నించి, లక్షల కెమెరాలనూ ఇంటి రౌటర్లనూ లొంగదీసుకుంది. వాటి యజమానుల్లో చాలామందికి ఆ తలుపు ఉందనే తెలియదు. మనం తెలిసి తెరుస్తున్నాం కాబట్టి తాళం బాధ్యత కూడా మనదే. అవసరం తీరాక మూసెయ్యడం మరిచిపోకండి.